పైకి చెప్పండి

"ఆ మౌస్ వదలండి."

ఆమె నాతో అన్న మొదటి మాట అదే. నేను వదల్లేదు. పొగరు కాదు. నా చెయ్యి నన్నడక్కుండానే అక్కడికి వెళ్ళిపోయింది. దాన్ని వెనక్కి పిలవడానికి కొంచెం టైం పట్టింది.

కంప్యూటర్ ముందు కూర్చున్న టైలరమ్మ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "పోనీలెండి, తప్పు నాదే," అంది.

"మీది కాదండీ." టైలరమ్మతో ఆ గొంతు వెన్నలా ఉంది. నా వైపు తిరిగేసరికి గడ్డకట్టింది. "మీరు బయటికి వెళ్తారా, చేతులు కట్టుకుని ఆ మూల కూర్చుంటారా?"

"ఆవిడ ప్రింట్ కోసం వెతుకుతున్నారు. అదిగో, పైనే ఉంది. చూపిస్తే అయిపోతుంది."

"అయిపోతుంది. రేపు వాళ్ళింట్లో ఎవరు చూపిస్తారు? కంప్యూటర్‌తో పాటు మీరు కూడా వెళ్ళి ఉంటారా?"

టైలరమ్మ కిసుక్కున నవ్వింది. "ఉండమనండి. కాజాలు కుట్టిస్తాను."

నేను మూలకి వెళ్ళి కూర్చున్నాను.

మాది పాత కంప్యూటర్ల వర్క్‌షాప్. ఆఫీసులు పారేసినవి తెచ్చి, దుమ్ము దులిపి, చచ్చిన భాగాలు మార్చి, ఇళ్ళలో వాడుకోవడానికి ఇస్తాం. నడిపేది మా పిన్ని. లోపల సిస్టం ఎక్కించేది, ఇళ్ళకి తీసుకెళ్ళి పెట్టేది నేను. మేం ఎక్కించేది లినక్స్. ఎక్కడెక్కడో కూర్చున్నవాళ్ళు కలిసి రాసి, ఎవరైనా వాడుకోండి, ఎవరైనా మార్చుకోండి అని వదిలేసిన సిస్టం. దాని తెరనీ మెనూలనీ ఇళ్ళలోవాళ్ళ కోసం సర్ది, మాటలన్నీ తెలుగులోకి మార్చింది మాత్రం నేనే. దానికి 'గూడు' అని పేరు కూడా పెట్టుకున్నాను.

అన్నీ బాగానే ఉన్నాయి, ఇచ్చిన కంప్యూటర్లు వెనక్కి రావడం తప్ప. పాడై రావు. "బాగానే ఉంది బాబూ, మాకే కుదరట్లేదు," అని దాన్ని పసిపిల్లలా ఎత్తుకొచ్చి బల్లమీద పెట్టి వెళ్ళిపోయేవాళ్ళు. పెళ్ళిచూపుల్లో అమ్మాయి బాగుంది కానీ అన్నట్టు. గోడ పక్కన వాటి వరుస పెరుగుతూ వచ్చింది.

"ఒరేయ్ మునీశ్వరా," అంది పిన్ని ఒకరోజు. నేను నోరు తెరవనని ఆవిడ పెట్టిన పేరది. "నువ్వేమో బాగుందంటావు, జనమేమో వద్దంటారు. మధ్యలో నాకు పిచ్చెక్కుతోంది. ఒకమ్మాయిని పిలిపించాను. మనుషులు కంప్యూటర్ ముందు కూర్చుంటే పక్కనుంచి చూసి, ఎక్కడ తడబడుతున్నారో చెప్పడం ఆ అమ్మాయి పని. సైకాలజీ చదివిందట. ఆ పిల్ల పనికొస్తుందంటే నీ గూడు ఉంటుంది. పనికిరాదంటే వచ్చే బ్యాచ్ నుంచి డబ్బిచ్చి కొనుక్కునే సిస్టమే ఎక్కిద్దాం. తర్వాత నాతో అలగకు."

నేను అలగనని చెప్పాలనుకున్నాను. చెప్పలేదు. పిన్ని దాన్ని అలకే అనుకుంది.

ఆమె పనికి నియమాలు తక్కువే. మనిషి ఎంత ఇబ్బంది పడుతున్నా సాయం చెయ్యకూడదు. మౌస్ ముట్టుకోకూడదు. వాళ్ళు ఆగిపోయినప్పుడు ఒకటే అడగాలి: "ఏమనుకుంటున్నారో పైకి చెప్పండి."

టైలరమ్మ పైకి చెబుతూనే ఉంది. "గౌను కొలతల కాగితం తెరిచాను. ప్రింట్... ఆఁ, ఇదే. నొక్కాను. ఏదో వచ్చిందండీ. 'అనుమతి నిరాకరించబడింది.' అమ్మో! నేనేం చేశాను?"

ఆ వాక్యం నాదే. తెరమీద వందసార్లు చూసి ఉంటాను. మనిషి గొంతులో వినడం మాత్రం అదే మొదలు. పోలీసు రాసినట్టుంది.

టీ తాగుతున్నప్పుడు ఆమె నా దగ్గరికొచ్చింది. "అది మీరు రాసిందేనా?"

"అవును."

"కోపంలో ఉన్నప్పుడు రాశారా?"

"లేదండీ. ఇంగ్లిష్‌లో అలాగే ఉంటుంది."

"మన ఇంట్లో మన కంప్యూటర్ మనల్ని నిరాకరించడమేంటండీ? దానికి ఇంట్లో మనుషులున్నారుగా."

నాకు నవ్వొచ్చింది. దాన్ని లోపలే ఉంచుకుందామనుకున్నాను, టీ పొరమారి బయటపడింది. ఆమె కళ్ళద్దాల పైనుంచి ఒకసారి చూసి, ఏదో పరీక్షలో నాకు అర మార్కు వేసినట్టు తలాడించి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రమే ఆ వాక్యం మార్చాను. 'ఇది మొదటిసారి కాబట్టి మీ పాస్‌వర్డ్ ఒక్కసారి కావాలి.' మర్నాడు ఆమె అది చదివింది. స్క్రూలున్న డబ్బా ఒకటి తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. పాత కంప్యూటర్లు విప్పినప్పుడు మిగిలిన స్క్రూలు, చిన్నవీ పెద్దవీ కలిసిపోయి ఉన్నాయి.

"ఇవెందుకు?"

"మీ చేతులకి. పరీక్ష జరుగుతున్నంతసేపూ సైజుల ప్రకారం వేరుచెయ్యండి. లేకపోతే మళ్ళీ మౌస్ మీదికి దూకుతాయి."

అలా నేను స్క్రూలు ఏరుతూ మనుషుల్ని చూడటం నేర్చుకున్నాను. బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన ఒకాయన మనవరాలి ఫొటోలు కెమెరా నుంచి ఎక్కించుకున్నాడు, ఎక్కడికి ఎక్కాయో మాత్రం కనుక్కోలేకపోయాడు. స్కూలు టీచరు ఒకావిడ ఉత్తరం టకటకా టైపు చేసేసింది. కానీ వేరేచోట తయారైన ఫైలు తెరిస్తే అందులో పట్టిక గళ్ళన్నీ చెదిరిపోయాయి. అందరిలోనూ ఒక విషయం మాత్రం ఒకటే. ఏం జరిగినా క్షమాపణ చెప్పుకునేవాళ్ళు. "సారీ అండీ, నాకే తెలీదు." కంప్యూటర్‌కి, ఆమెకి, గోడకి. ప్రతిసారీ ఆమె ముందుకి వంగి, "మీ తప్పు కాదండీ. ఎక్కడ తికమక ఉందో మీరు మాకు చూపిస్తున్నారు," అనేది. ఆ మాట అన్నప్పుడల్లా ఎదుటివాళ్ళ భుజాలు కొంచెం కిందికి దిగేవి.

నా భుజాలు కూడా దిగేవి. నాతో అనకపోయినా సరే. దీని గురించి నేను లోపల చాలా ఆలోచించాను. నేను లోపల అన్నిటి గురించీ చాలా ఆలోచిస్తాను.

ఒకరోజు పని అయ్యేసరికి వాన. వర్క్‌షాప్ షట్టర్ సగం దించి ఇద్దరం దాని కింద నిలబడ్డాం. వీధిలో నీళ్ళు తొందరగా ఎక్కడికో పనున్నట్టు పరిగెడుతున్నాయి. ఆమె కళ్ళద్దం మీద ఒక చినుకు పడి, కిందికి జారాలా వద్దా అన్నట్టు ఆగింది. నేను దాన్నే చూస్తున్నాను.

"ఇప్పుడేమనుకుంటున్నారు?" అంది.

"ఏం లేదు."

"అబద్ధం. మీ కళ్ళు ఒకచోట ఆగిపోయాయి. నా ఉద్యోగమే అది."

నేను జేబులోంచి స్క్రీన్లు తుడిచే గుడ్డ తీసి ఇచ్చాను.

ఆమె దాన్ని చూసి, నన్ను చూసి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "చూశారా! మాట అడిగితే గుడ్డ ఇచ్చారు."

"అవసరం కదా అని."

"అదే మీ జబ్బు. మనిషికి ఏం కావాలో మీరే కనిపెట్టేసి, చేసిపెట్టేసి, నోరు మూసుకుంటారు." తర్వాత కొంచెం మెత్తగా, "గుడ్డ మాత్రం బాగుంది," అంది.

నాకు ఉక్రోషం వచ్చింది. "అంటే గూడు రెడీగా లేదంటారా?"

"నేను మీ గురించి మాట్లాడుతుంటే మీరు గూడు గురించి అడుగుతారేం?"

"మా అమ్మ వాడుతుందండీ! ఏళ్ళుగా. కంప్యూటర్ అంటేనే తెలియని మనిషి. ఇంతకంటే రుజువేం కావాలి?"

"మీరు పక్కన లేకుండా ఎప్పుడైనా వాడారా?"

వాన చప్పుడు పెద్దదైనట్టు అనిపించింది.

రోజూ సాయంత్రం నేను ఇంట్లో అడుగుపెట్టగానే అమ్మ పిలుస్తుంది. "ఒరేయ్, ఇదేదో మళ్ళీ అడుగుతోందిరా." "ఒరేయ్, ప్రింటర్ ఉలకట్లేదు పలకట్లేదు." నేను కుర్చీ లాక్కుని కూర్చుంటాను. బాగుచేస్తాను. ఎలా చేశానో కూడా చెబుతాను. మర్నాడు మళ్ళీ పిలుస్తుంది. అదే ఆమెకి చెప్పాను.

"తీసుకురండి అమ్మగారిని," అందామె. "అదే ఆఖరి పరీక్ష. తర్వాత రిపోర్ట్ ఇచ్చేస్తాను. నాకిక్కడ పనుండదు."

ఆఖరి అన్న మాట నాకు పరీక్ష దగ్గర వినపడలేదు. చివరి వాక్యం దగ్గర వినపడింది. ఏదో ఒకటి చెప్పాల్సిన చోటు అది. నేను షట్టర్ పైకెత్తి, జామ్ అయిన చోట కొంచెం నూనె వెయ్యాలని గమనించాను.

పరీక్షకి ఉన్న రెండు రోజులూ నాకు స్థిమితం లేదు. అమ్మ ఓడిపోతే గూడు పోతుంది. గెలిచినా ఓడినా ఆమె వెళ్ళిపోతుంది. అమ్మని కూర్చోబెట్టి నేర్పుదామని చూశాను.

"ఇప్పుడెందుకురా? నువ్వున్నావుగా," అంది అమ్మ, కూరగాయలు తరుగుతూ.

"అక్కడ నేను మాట్లాడకూడదమ్మా."

"నీకదేం కొత్త?"

పరీక్ష రోజు అమ్మ మంచి బట్టలు వేసుకుని, తల నున్నగా దువ్వుకుని వచ్చింది. పిన్ని గుమ్మంలో నిలబడింది. నేను మూల కూర్చుని స్క్రూల డబ్బా గట్టిగా పట్టుకున్నాను.

"ఏం చేస్తున్నారో, ఏమనుకుంటున్నారో పైకి చెబుతూ ఉండండి," అందామె.

"ఏదనుకుంటే అది చెప్పేయొచ్చా అమ్మాయీ?"

"చెప్పేయండి."

అమ్మ మౌస్ పట్టుకుంది. "ముందు ఫొటోలు. కెమెరా కార్డు ఇక్కడ పెట్టాను. వచ్చాయి. ఎక్కడ దాస్తుందో ఇది చెప్పదు, నేనే చూసుకోవాలి, చుట్టాల ఫొటోలు కదా, ఈ పెట్టెలో వేద్దాం. అయ్యింది. ఇప్పుడు ఉత్తరం. ఇదిగో. ఏదో అప్‌డేట్ అంటోంది. మంచిదే, కొత్త తాళం వేసుకుంటానంటే వద్దంటామా. పాస్‌వర్డ్ కొట్టాను. ప్రింట్. రావట్లేదు. అబ్బే, దీనికి నిద్ర ఎక్కువ. ఒకసారి ఆపి, మళ్ళీ పెట్టి... అదిగో, లేచింది."

ప్రింటర్ గుర్రుమంటూ కాగితం బయటికి నెట్టింది. అమ్మ దాన్ని తీసి, మడత లేకుండా ఆమె చేతికిచ్చింది.

నా ఒళ్ళోంచి స్క్రూలు జలజలా రాలిపోయాయి. ఎవరూ నా వైపు చూడలేదు.

"ఎవరు నేర్పారండీ?" అందామె.

"వీడే. రోజూ పక్కన కూర్చుని, ఇది ఇందుకు, అది అందుకు అని చెబుతూ చేస్తుంటే రాదా? నేనేమన్నా మొద్దునా?"

"మరి ఇంట్లో రోజూ ఆయన్ని పిలుస్తారట కదా?"

అమ్మ వెనక్కి తిరగలేదు. తెర వైపే చూస్తూ, "పైకి చెప్పమన్నావు కాబట్టి చెబుతున్నాను," అంది. "వీడు ఇంటికొస్తాడు. ఆకలేస్తోందా అంటే ఊఁ. పని బాగా జరిగిందా అంటే ఊఁ. ఒంట్లో బాలేదా అన్నా ఊఁ. అదే, 'ఒరేయ్ ఇది రావట్లేదురా' అన్నాననుకో, కుర్చీ లాక్కుని కూర్చుంటాడు. చక్కగా మాట్లాడతాడు. కంప్యూటర్ గురించేలే. ఆ మెనూ ఎందుకలా పెట్టాడో, ఎవరో పరాయిదేశం వాడు రాసింది తను ఎలా సరిచేశాడో. ఏదైతేనేం, వీడి గొంతు వినపడుతుంది కదా. నాకన్నీ వచ్చేశాయంటే ఇంక నా పక్కన ఎందుకు కూర్చుంటాడు?"

గుమ్మంలో పిన్ని ముక్కు ఎగబీల్చింది. "మా ఇద్దరికీ చెప్పకుండా ఎంత నాటకం ఆడావే అక్కా!"

నేను కిందికి వంగి స్క్రూలు ఏరాను. ఏరడానికి చాలాసేపు పట్టింది, తల ఎత్తడం ఇష్టం లేక. సిగ్గుగానూ ఉంది, ఎవరో వెచ్చటి నీళ్ళు పోసినట్టు హాయిగానూ ఉంది. ఇన్నేళ్ళూ నేను బాగుచేస్తున్నది పాడవని కంప్యూటర్‌ని.

ఆమె రిపోర్ట్ అక్కడే నోటితో చెప్పేసింది.

"గూడు ఇళ్ళకి పనికొస్తుందండీ. కొన్ని ఇంకా సర్దాలి. బయటి ఫైళ్ళు చెదురుతున్నాయి, ఫొటోలు ఎక్కడికెళ్ళాయో చెప్పట్లేదు. రోజూ ఆఫీసు ఫైళ్ళతో పనుండేవాళ్ళకి ఇది వద్దని ముందే చెప్పేయండి. మిగతావాళ్ళకి చాలు. ఆ కంప్యూటర్లు వెనక్కి రావడానికి కారణం వేరే." నన్ను చూపించింది. "ఈయన వెళ్ళి, అన్నీ టకటకా తనే చేసేసి, 'అయిపోయిందండీ' అని వచ్చేస్తారు. అది ఈయన చేతికే తప్ప తమ చేతికి రాదని వాళ్ళకి నమ్మకం కుదిరిపోతుంది. అమ్మగారికి ఎందుకొచ్చింది? పక్కన కూర్చుని మాట్లాడారు కాబట్టి. కంప్యూటర్ కొత్తగా తీసుకున్నవాళ్ళ ఇంట్లో మొదటి కొన్నాళ్ళు ఈయన కూర్చోవాలి. మౌస్ ముట్టుకోకుండా. నోటితో."

"నోటితోనా?" అంది పిన్ని. "అయితే కొనుక్కునే సిస్టమే తేలిక కదే తల్లీ!"

అందరూ నవ్వారు. పిన్ని వెంటనే, "ఉండనీరా నీ గూడు. రేపట్నుంచి టైలరమ్మ ఇంటికెళ్ళు. కాజాలు కూడా నేర్చుకో," అంది.

అమ్మ లేచింది. నా మొహం చూసింది, ఆమె మొహం చూసింది. "పద చెల్లీ, లోపల టీ పెట్టుకుందాం," అని పిన్నిని దాదాపు లాక్కుపోయింది.

ఆమె కాగితాలు సర్దుకుని సంచిలో పెట్టుకోవడం మొదలెట్టింది. నేను వెళ్ళి అమ్మ లేచిన కుర్చీలో కూర్చున్నాను.

"ఇంకో పరీక్ష మిగిలిందండీ."

"ఎవరికి?"

"నాకు."

ఆమె చేతులు ఆగాయి. సంచి పక్కన పెట్టి, తన కుర్చీ లాక్కుని, ఎప్పటిలాగే కొంచెం వెనగ్గా కూర్చుంది. "ఏం చెయ్యాలట మీరు?"

"ఒక మాట చెప్పాలి."

"సరే. ఏమనుకుంటున్నారో పైకి చెప్పండి."

నేను తెర వైపు చూశాను. ఆమె వైపు చూస్తే కుదరదని తెలుసు. "చెయ్యి మౌస్ మీద ఉంది. తీసేస్తున్నాను. ఆ రోజు వానలో మీరు ఏమనుకుంటున్నారని అడిగారు. ఏం లేదన్నాను. అప్పుడు మీ కళ్ళద్దం మీద ఒక చినుకు ఉంది. అది జారకుండా ఉంటే బాగుండు అనుకున్నాను. తర్వాత, అది జారితే మీరు తుడుచుకుంటారు, అప్పుడు కళ్ళద్దాలు తీసిన మీ మొహం కనపడుతుంది కదా అనుకున్నాను. అందుకే గుడ్డ ఇచ్చాను. సాయం కోసం కాదు."

చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకున్నాను.

"మీరు అందరితో 'మీ తప్పు కాదు' అంటారు. నాతో అనలేదు. అయినా ప్రతిసారీ నాకే అన్నట్టు వింటూ వచ్చాను. మీకిక్కడ పనుండదన్నారు. అప్పట్నుంచి పని కల్పించడం ఎలా అని ఆలోచిస్తున్నాను. గూట్లో ఏదన్నా పాడుచేద్దామా అని కూడా అనుకున్నాను. మా అమ్మ కొడుకుని కదా." ఆగాను.

"ఎక్కడ ఆగారు?" అందామె. గొంతు మామూలుగానే ఉంది. కొంచెం మామూలుగా లేదు.

"తర్వాతి మాట దగ్గర."

"ఇలాంటప్పుడు మామూలుగా ఏం చేస్తారు?"

"లేచి ఏదో ఒకటి బాగుచేస్తాను."

కుర్చీ కిర్రుమంది. నా భుజం పక్కనుంచి ఒక చెయ్యి ముందుకొచ్చింది. "ఆ స్క్రూల డబ్బా ఇలా ఇవ్వండి."

"ఎందుకు?"

"నా చేతులు ఊరుకోవట్లేదు. మీరు వెతుకుతున్న మాట నాకు తెలుసు. చూపిస్తే అయిపోతుంది. కానీ చూపించకూడదుగా."

డబ్బా ఇచ్చాను. చిన్నవీ పెద్దవీ వేరుచేసి కట్టిన పొట్లాలు కిందపడినప్పుడే విడిపోయి, మళ్ళీ అన్నీ కలిసిపోయి ఉన్నాయి. వెనక స్క్రూలు ఒకటొకటే బల్లమీద పెడుతున్న చప్పుడు వినపడింది, చాలా తడబాటుగా. నాకు ఒక్కసారిగా ధైర్యం వచ్చింది. నాకంటే ఆమెకే ఎక్కువ కంగారుగా ఉంది.

కుర్చీ తిప్పి ఆమె వైపు చూశాను.

"మీరంటే నాకు ఇష్టం," అన్నాను. "చాలా. గూడు కంటే."

ఆమె ఒక పెద్ద స్క్రూని చిన్నవాటిలో పెట్టింది.

అప్పుడే లోపల్నుంచి అమ్మ కేక. "ఒరేయ్, ఈ స్టవ్ వెలగట్లేదురా!"

అలవాటుగా లేవబోయాను.

"నువ్వు కాదు," అంది అమ్మ గొంతు. "ఆ అమ్మాయిని పంపు."

ఆమె నన్ను చూసింది. "నిజంగా వెలగట్లేదంటావా?"

'అంటారా' అనలేదు. నేను గమనించాను. నేను అన్నీ గమనిస్తాను.

"వెలుగుతుంది," అన్నాను. "పొద్దున నేనే చూశాను."

"మరి వెళ్ళనా?"

చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి గుమ్మం దాకా దింపుదామనిపించింది. ఊరుకున్నాను. రెండు చేతులూ కట్టుకుని కూర్చున్నాను.

ఆమె లేచింది, కళ్ళద్దాలు సర్దుకుంది. ఇందాకటిదాకా 'అమ్మగారు' అన్న మనిషి, లోపలివాళ్ళకి వినపడేంత గట్టిగా పైకి అంది:

"వస్తున్నా అత్తయ్యా!"